పరిచయం వేరు, సిఫారసు వేరు



కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం రెండవ పూజ ముగిసిన తరువాత, మా విచారణకు చెందిన ఒక యువకుడు నాతో మాట్లాడాలని గుడి వరండాలో నిలుచున్నాడు. అతని తండ్రి తాపీమేస్త్రి. తల్లి పొలం పనులకు వెళుతుంది. ఆ ఇంట్లో పదవ తరగతి దాటిన మొదటివాడు ఇతడే. లా చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, రెండేళ్లుగా జిల్లా కోర్టులో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాడు. ఉదయం సీనియర్ ఇంటికి, పదిన్నరకు కోర్టుకు, సాయంత్రం మళ్లీ సీనియర్ ఇంటికి. వాయిదాలు రాసుకోవడం, ఫైళ్లు మోయడం, నకళ్లకు దరఖాస్తులు పెట్టడం అతని పని. సీనియర్ మంచివాడే, విద్య దాచుకోకుండా నేర్పుతున్నాడు. కాని నెలాఖరుకు చేతిలో పెట్టేది బస్సు చార్జీలకు, టీ ఖర్చులకు సరిపోతుంది. సొంత కేసులంటూ మూడో నాలుగో ఉన్నాయి.

అతడు నన్నడిగిన ప్రశ్న ఇది: “ఫాదర్‌గారూ, పని ఒక్కటే నేర్చుకుంటే చాలదంటున్నారు మా సీనియర్‌గారు. బార్ అసోసియేషన్ మీటింగులకు వెళ్లమంటున్నారు, కమిటీలో ఏదో ఒక పని నెత్తిన వేసుకోమంటున్నారు. పెళ్లిళ్లకు, చావులకు వెళ్లాలి, నీ మొహం నలుగురికీ తెలియాలి అంటున్నారు. నేను వెళుతున్నాను. కాని ఎవరితో నవ్వుతూ మాట్లాడినా, ఈయనవల్ల నాకేం వస్తుందని లోపల లెక్క నడుస్తోంది. మొన్న ఒక పెద్ద లాయరుగారి తల్లి చనిపోతే వెళ్లాను. దండ వేసి వస్తూ, ఆయన నన్ను చూశారా లేదా అని తిరిగి చూసుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. పని కోసం మనుషులతో స్నేహం చేయడం పాపం కాదా?”

ఆలోచించి చెబుతానని అతణ్ణి పంపించాను. ఆ బుధవారం సాయంత్రం అతని తండ్రి వచ్చాడు. ఆయన వచ్చిన పని వేరు. “మీరు ఒక్క ముక్క రాసిస్తే చాలు ఫాదర్‌గారూ. పండగకు మన గుడికి వచ్చే ఆ కాలేజీల యజమాని ఉన్నారు గదా, ఆయనకు కోర్టు పనులు బోలెడు. మావాడు గట్టివాడని, ఆ కేసులు వాడికి ఇమ్మని రాయండి. మీ మాట ఆయన తీసెయ్యరు” అన్నాడు.

“మీవాడు కోర్టులో ఎలా పనిచేస్తాడో నాకు తెలియదు గదా” అన్నాను.

ఆయన కాసేపు నేలచూపులు చూసి, మెల్లగా, “అప్పుడు ఆ షావుకారుగారి అబ్బాయికి రాశారు గదండీ” అన్నాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

కొడుకు ప్రశ్న, తండ్రి కోరిక ఒకే తాడుకు రెండు కొసల్లాగా కనిపిస్తాయి. రెండూ మనుషుల ద్వారా పైకి రావడం గురించినవే. కాని వాటిమధ్య పెద్ద తేడా ఉందని నాకు తోస్తుంది. మన విచారణల్లో న్యాయవాదులే కాదు, నర్సులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, గుమస్తాలు ఉన్నారు. అందరికీ సంఘాలున్నాయి. అందరికీ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుచేత ఈ వారం దీన్ని గురించి కలిసి ఆలోచిద్దాం.

ప్రకటన చేసుకోరాని వృత్తి

ముందు ఆ యువకుడి పరిస్థితి ఏమిటో అర్థం చేసుకొందాం. మనలో చాలామంది బార్ కౌన్సిల్, బార్ అసోసియేషన్ ఒకటే అనుకొంటారు. కావు. బార్ కౌన్సిల్ 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద ఏర్పడిన సంస్థ. అందులో పేరు నమోదు కానిదే ఎవరూ న్యాయవాది కాలేరు. 2009-10 విద్యాసంవత్సరం నుండి పట్టా పొందినవారు అఖిల భారత బార్ పరీక్ష కూడా ప్యాసు కావాలి. న్యాయవాది తప్పు చేస్తే విచారించి, అవసరమైతే రోలు నుండి పేరు తీసివేసే అధికారం కూడా కౌన్సిల్‌కే ఉంది. బార్ అసోసియేషన్ అలాంటిది కాదు. అది ఆ ఊరి కోర్టులో పనిచేసే న్యాయవాదులు తమంతట తాము కూడి పెట్టుకొన్న సంఘం. గ్రంథాలయం, కూర్చునే గది, సంక్షేమం, ఏటేటా ఎన్నికలు, చనిపోయిన సభ్యులకు సంతాప సభలు, ఇవన్నీ అక్కడే.

ఇప్పుడు ఒక విశేషం చెబుతాను. దుకాణం తెరిచినవాడు బోర్డు పెట్టుకొంటాడు, పత్రికలో ప్రకటన ఇస్తాడు. న్యాయవాది అలా చేయరాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది దీన్ని స్పష్టంగా నిషేధిస్తుంది. ప్రకటనల ద్వారా గాని, కరపత్రాల ద్వారా గాని, దళారుల ద్వారా గాని, వ్యక్తిగత సంబంధం లేనివారి దగ్గరకు స్వయంగా వెళ్లి గాని కేసులు అడగకూడదు. 2008లో చేసిన సవరణతో న్యాయవాది తన పేరు, చిరునామా, నమోదు, చదువు, ఏ రంగంలో పనిచేస్తాడు అనే కొద్ది వివరాలను ఇంటర్నెట్‌లో పెట్టుకోవడానికి మాత్రం వీలు కలిగింది. అంతకుమించి లేదు. పేరుపలక కూడా తగినంత పరిమాణంలోనే ఉండాలి. ఆ పలకపైన తాను ఫలానా బార్ అసోసియేషన్‌కు అధ్యక్షుణ్ణనో సభ్యుణ్ణనో రాసుకోకూడదు. అంటే సంఘంలో పదవి సంపాదించినా దాన్ని వీధిలో వ్రేలాడదీయడానికి వీల్లేదు. సంఘం పదవి వ్యాపారానికి పెట్టుబడి కారాదని ఆ నిబంధన రాసినవారికి తెలుసునన్నమాట.

మరి తండ్రి తాపీమేస్త్రి అయిన కుర్రవాడు ఎలా తెలియాలి లోకానికి? న్యాయవాది కొడుకైతే నాన్నగారి కక్షిదారులు చిన్నప్పటినుండీ ఇంటికి వస్తూనే ఉంటారు. బాబు నల్లకోటు తొడిగిననాడే ఫైళ్లు బల్లమీదికి నడిచి వస్తాయి. అతడు ఎవరి పెళ్లికీ లెక్కవేసుకొని పోనక్కరలేదు. ఆ లెక్క ఒక తరం ముందే ఎవరో పూర్తిచేశారు. అలాంటివారు “నాకు ఈ పరిచయాల గోల గిట్టదు, నా పని నేను చూసుకొంటాను” అనగలరు. అది నిజాయితీ కావచ్చు. ఒక్కోసారి అది వారసత్వంగా వచ్చిన సౌకర్యం కూడా కావచ్చు. ఏమీ లేని ఇంటినుండి వచ్చిన పిల్లవాడికి అదే నీతిని మనం బోధిస్తే, తలుపు లోపల ఉన్నవారు బయట ఉన్నవాడికి తలుపు తట్టడం మర్యాద కాదని చెప్పినట్లవుతుంది.

ఆ తాపీమేస్త్రినే నేను ఒకమాట అడిగాను, “మీకు పని ఎలా వస్తుంది?” అని. “కట్టిన గోడ చూసి పక్కింటివాళ్లు పిలుస్తారు” అన్నాడు. నిజమే. కాని ఆ గోడ వీధిలో ఉంది గనుక పక్కింటివారు చూశారు. న్యాయవాది గోడ కాగితాల్లో ఉంటుంది. అది కనిపించే వీధి తోటి న్యాయవాదుల మధ్యనే ఉంది. గ్రంథాలయంలో ఒక పాత తీర్పు వెతికి ఇచ్చినప్పుడు, జబ్బుపడిన మిత్రుడి వాయిదాకు అతని బదులు నిలబడినప్పుడు, సంఘం లెక్కలు పైసా తేడా లేకుండా రాసినప్పుడు, ఈ కుర్రవాడు నమ్మదగినవాడని నలుగురికీ తెలుస్తుంది. ఒకనాడు ఎవరో తమకు తీరిక లేని కేసును “ఆ అబ్బాయికి ఇవ్వండి” అంటారు. ఇందులో మోసం ఎక్కడుంది?

లాభం కోసం స్నేహం

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు అరిస్టాటిల్ రాసిన నీతిశాస్త్రం పాఠంగా ఉండేది. అందులో ఆయన స్నేహాలను మూడు రకాలుగా విభజించాడు. లాభం కోసం కలిసే స్నేహం, సంతోషం కోసం కలిసే స్నేహం, ఒకరి మంచితనాన్ని ఒకరు ప్రేమించే స్నేహం. మొదటి రెండు సులువుగా తెగిపోతాయంటాడు. అవసరం తీరగానే తాడు తెగుతుంది. మూడవది అరుదు, దానికి కాలం పడుతుంది. విద్యార్థులుగా మేము మొదటిదాన్ని పాపంగా, మూడవదాన్ని పుణ్యంగా జమకట్టాం. చాలా ఏళ్లు విచారణల్లో పనిచేసిన తరువాత ఇప్పుడు నాకు అనిపిస్తుంది, అరిస్టాటిల్ మొదటిదాన్ని తక్కువదన్నాడే గాని చెడ్డదనలేదు. పాలవాడితో మనకున్నది ఆ స్నేహమే. కిరాణా దుకాణంవాడితో ఉన్నదీ అదే. వారు మనల్ని మోసగించరు, మనం వారికి బాకీ ఎగవేయం, ఎదురుపడితే పిల్లల క్షేమం అడుగుతాం. లోకం నడిచేది చాలావరకు ఇలాంటి గౌరవప్రదమైన చిన్న స్నేహాలమీదనే.

చెడు ఎక్కడ మొదలవుతుంది? జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక హద్దు గీశాడు. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోరాదని అతని సిద్ధాంతం. అందులో ‘కేవలం’ అన్న మాట ముఖ్యం. మనమంతా ఒకరినొకరు సాధనాలుగా కూడా వాడుకొంటూనే ఉంటాం. కక్షిదారుకు న్యాయవాది సాధనం, న్యాయవాదికి కక్షిదారు జీవనాధారం. ఆ మనిషిలో సాధనం తప్ప మరేమీ కనిపించనినాడు తప్పు మొదలవుతుంది. తల్లి పోయిన మనిషి ముందు నిలబడినప్పుడు అతని దుఃఖం కనబడక, అతని చూపు ఎక్కడ ఉందో మాత్రమే కనబడినప్పుడు, ఆ క్షణంలో ఆ యువకుడు హద్దు దాటాడు. అతనికి సిగ్గు వేసింది. ఆ సిగ్గు మంచిది. అంతరాత్మ బ్రతికి ఉన్నదనడానికి గుర్తు అది. కాని ఆ సిగ్గుకు మందు చావు ఇంటికి వెళ్లడం మానుకోవడం కాదు. మరోసారి వెళ్లినప్పుడు చనిపోయిన ఆ తల్లిని గురించి ఆ కొడుకును ఒక మాట అడగడం, అతడు చెప్పేది వినడం.

ప్రభువు చెప్పిన ఉపమానాల్లో నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టినది లూకా సువార్త 16వ అధ్యాయంలోని గృహనిర్వాహకుని కథ. పని పోతుందని తెలిసి, యజమాని బాకీదారుల పత్రాలు తగ్గించి రాయించి, రేపు తనను ఇళ్లలోకి రానిచ్చే స్నేహితులను సంపాదించుకొంటాడు. ప్రభువు అతని మోసాన్ని కాదు, ముందుచూపును ఎత్తి చూపించాడు. అదే సువార్తలో రెండధ్యాయాల ముందు మరో మాట ఉంది. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలవారిని కాదు, తిరిగి ఇవ్వలేని బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలవమని. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైనది ఇది: స్నేహితులను సంపాదించుకోవడానికి తెలివి వాడవచ్చు, కాని నీ బల్ల దగ్గర తిరిగి ఇవ్వలేనివాడికి చోటు లేకపోతే నీ తెలివి అంతా వ్యాపారమే.

ఒక ఉపాధ్యాయుడు, ఒక వకీలు

మన తెలుగుదేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. న్యాయవాదుల కుటుంబం కాదు, కులాసా బ్రతుకు కాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవాణ్ణి చేరదీసి, తాను రాజమహేంద్రవరం వెళుతూ వెంట తీసుకొనిపోయి చదివించారు. ఆ ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడివల్ల వచ్చే లాభమేముంది? తరువాత ప్రకాశంగారు ఆ ఊళ్లోనే ప్లీడరై, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి, మదరాసులో పెద్ద ప్రాక్టీసు సంపాదించారు. 1921లో స్వాతంత్ర్యోద్యమం కోసం దాన్ని వదిలేశారు. ఆయన నలుగురిలో తిరిగిన మనిషి, పరిచయాలు పెంచుకొన్న మనిషి. కాని ఆ జీవితానికి పునాదిరాయి లాభం లెక్కించని ఒక పరిచయం.

పునీత తోమాస్ అక్వినాస్ తన వేదాంత మహాగ్రంథంలో న్యాయవాదులను గురించి ప్రత్యేకంగా ఒక ప్రశ్న చర్చించాడు. న్యాయవాది బీదల కేసులన్నీ ఉచితంగా చేపట్టి తీరాలా? అన్నీ చేపట్టనక్కరలేదంటాడు, ఒక్కడు అందరికీ చాలడు గనుక. కాని ఒక బీదవాడికి మరో దిక్కు లేదని కనిపిస్తున్నప్పుడు ఎదురుగా ఉన్నవాడు పట్టించుకొని తీరాలి. ఫీజు తీసుకోవడం తప్పు కాదు, కాని మితంగా ఉండాలి. తెలిసి తెలిసి అన్యాయపు దావాను సమర్థించకూడదు. ఏడు వందల ఏళ్లు దాటిన ఆ ఆలోచనకు దగ్గరి మాటే నేటి బార్ కౌన్సిల్ నిబంధనల్లో 46వదిగా ఉంది. తన ఆర్థిక స్థితి అనుమతించినంతవరకు నిరుపేదలకు, పీడితులకు ఉచితంగా సాయపడడం న్యాయవాది సమాజానికి చెల్లించవలసిన అత్యున్నత బాధ్యతల్లో ఒకటని ఆ నిబంధన చెబుతుంది.

నేను రాసిన ఉత్తరం

ఇప్పుడు తండ్రి కోరిక దగ్గరకు వద్దాం. ఆయన దెప్పిపొడిచిన ఆ ఉత్తరం సంగతి దాచకుండా చెబుతాను. చాలా సంవత్సరాల క్రితం నేను మరో విచారణలో ఉండగా గుడి పైకప్పు మరమ్మతుకు పెద్దమొత్తం ఇచ్చిన ఒకాయన, తన కొడుక్కు ఒక పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగానికి ఉత్తరం అడిగాడు. ఆ అబ్బాయి పాఠం చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. అయినా సమర్థుడని రాశాను. ఉద్యోగం వచ్చింది. అదే ఉద్యోగానికి మా విచారణకే చెందిన ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టుకొన్నదని, ఆమెకు బి.ఇడి.లో మంచి మార్కులున్నాయని, ఇంటిల్లిపాదీ ఆమె సంపాదనకోసం చూస్తున్నారని నాకు తరువాత తెలిసింది. ఆమె ఎన్నడూ నన్ను ఏమీ అనలేదు. పూజకు వచ్చి, సత్ప్రసాదం నా చేతినుండే స్వీకరించి వెళ్లేది. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది.

అక్వినాస్ పక్షపాతాన్ని గురించి రాస్తూ ఎంచుకొన్న ఉదాహరణ కూడా ఉపాధ్యాయ పదవే. తగినంత విద్య ఉన్నందుకు ఒకరికి ఆ పదవి ఇస్తే అది న్యాయం. విద్య చూడక, ఇతడు ఫలానావాడని ఇస్తే అది పక్షపాతం, అది పాపం. నేను ఆ పాఠం చదివి పరీక్ష ప్యాసైనవాణ్ణే. పైకప్పు ముందు ఆ పాఠం మరచిపోయాను.

పరిచయానికి, సిఫారసుకు తేడా ఇక్కడే ఉంది. “ఈ అబ్బాయి నాకు తెలుసు, మీరు ఒకసారి చూడండి” అంటే అది పరిచయం. తలుపు తెరుచుకొంటుంది, లోపలికి వెళ్లి నిలబడవలసినది అతడు, చూసి నిర్ణయించవలసినది అవతలివారు. “నా మొహం చూసి ఇతనికి ఇవ్వండి” అంటే అది సిఫారసు. అక్కడ చూడవలసిన కళ్లను మనం మూసేస్తున్నాం. పరిచయంలో నేను సాక్షిని, నాకు తెలిసిందే చెబుతాను. సిఫారసులో నేను బరువును, తక్కెడలో ఒకవైపు కూర్చుంటాను. అవతలి పళ్లెంలో ఎవరున్నారో మనకు కనబడదు. కనబడకపోవడంవల్లనే మనకు అది పాపమని తోచదు.

న్యాయస్థానంలో ఈ తేడా ఇంకా తీవ్రమైనది. పెండింగులో ఉన్న కేసు గురించి న్యాయమూర్తితో ఏకాంతంగా మాట్లాడడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. దగ్గరి బంధువు న్యాయమూర్తిగా కూర్చున్న కోర్టులో న్యాయవాది నిలబడి వాదించరాదని కూడా ఉంది. మనిషి ఎంత మంచివాడైనా పరిచయం తీర్పులోకి చొరబడకూడదని ఆ కంచె. బార్ గదిలో పెంచుకొన్న స్నేహం కోర్టు హాలు గడపదగ్గర చెప్పులతోపాటు విడిచిపెట్టవలసినది.

సంఘం ఒకవైపు, కక్షిదారు ఒకవైపు

సంఘంలో చేరిన యువకుడికి మరో పరీక్ష కూడా వస్తుంది. సంఘం ఒక తీర్మానం చేస్తుంది, రేపు కోర్టులు బహిష్కరించాలని. అతని కక్షిదారు భర్త జైల్లో ఉన్నాడు, రేపే బెయిలు పిటిషను వాయిదా. సంఘం మాట కాదంటే నలుగురూ వెలివేసినట్లు చూస్తారు, కష్టపడి పెంచుకొన్న పరిచయాలన్నీ ఒక్క రోజులో పోతాయి. ఏం చేయాలి? మాజీ కెప్టెన్ హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది, న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు లేదని. బార్ లేదా బెంచి గౌరవానికి, స్వతంత్రతకు ముప్పు వచ్చిన అత్యంత అరుదైన సందర్భాల్లో ఒక్కరోజుకు మించని నిరసనను కోర్టులు చూసీచూడనట్లు వదిలివేయవచ్చునన్నది మాత్రమే మినహాయింపు. చట్టం సంగతి అలా ఉంచండి. వకాలతు కాగితంమీద సంతకం పెట్టిన ఆ భార్య అతణ్ణి నమ్మింది, సంఘాన్ని కాదు.

సంఘాలు ఎప్పుడూ న్యాయం పక్షానే ఉంటాయనుకోవడం కూడా అమాయకత్వమే. 1894లో గాంధీగారు దక్షిణాఫ్రికాలోని నేటాల్ సుప్రీంకోర్టులో న్యాయవాదిగా చేరబోతే, అభ్యంతరం చెప్పింది అక్కడి న్యాయవాదుల సంఘమే, ఆయన తెల్లవాడు కాడని. ఆ అభ్యంతరాన్ని కోర్టే తోసిపుచ్చింది. మన దేశంలో స్త్రీలు న్యాయవాదులు కావడానికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. సంఘం గోడలు లోపలివారికి చలవ, బయటివారికి అడ్డు. అందుచేత సంఘంలో చేరినవాడు మొదట చూడవలసినది, ఇక్కడ ఎవరు లేరు, ఎందుకు లేరు అని.

న్యాయవాదుల పాలక పునీతుడైన తోమాస్ మోర్ జీవితం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఆయన తండ్రి కూడా న్యాయవాదే. లండనులోని లింకన్స్ ఇన్ అనే న్యాయవాదుల సంస్థలో తోమాస్ మోర్ చదువుకొన్నాడు, తరువాత అక్కడే పాఠాలు చెప్పాడు. రాజుకు, పండితులకు, వర్తకులకు మిత్రుడయ్యాడు. 1529లో దేశానికే లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు. పరిచయాల విషయంలో అంతటి సంపన్నుడు మరొకడు లేడు. రాజు తనను తాను శ్రీసభకు అధిపతిగా ప్రకటించుకొన్నప్పుడు మోర్ ఆ ప్రమాణం చేయలేదు. ఆయన మిత్రుల్లో చాలామంది చేశారు. 1535లో విచారణ జరిగినప్పుడు ఆయనకు ఉరుతాడైన సాక్ష్యం చెప్పినవాడు రిచర్డ్ రిచ్, అతడూ న్యాయవాదే. ఇద్దరూ ఒకప్పుడు ఒకే విచారణలో నివసించినవారు, నీ యవ్వనం నుండి నిన్నెరుగుదునని మోర్ కోర్టులోనే అతనితో అన్నట్లు ఆయన అల్లుడు రాసి ఉంచాడు. మోర్ ఆ జూలై 6న తల తీయించుకొన్నాడు. రిచ్ ఎవరి చేతిలో అధికారం ఉంటే వారి పక్కన నిలబడుతూ, కొన్నేళ్లకు తాను కూడా లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు.

ఒకే వృత్తి, ఒకే విచారణ, ఇద్దరికీ పెద్దల పరిచయాలే. పరిచయాలు పోతాయని తెలిసినప్పుడు వదులుకోగలిగినవాడు ఒకడు, దేన్నైనా ఇచ్చి వాటిని నిలుపుకొన్నవాడు ఇంకొకడు. 1935లో శ్రీసభ మోర్‌ను పునీతుడిగా ప్రకటించింది.

చివరకు చెప్పిన మాట

ఆ యువకుణ్ణి మళ్లీ పిలిచి నాకు తోచినది చెప్పాను. “బాబూ, సంఘానికి వెళ్లు. అక్కడ ఎవరూ చేయడానికి ఇష్టపడని పని ఒకటి తీసుకో, దాన్ని శుభ్రంగా చెయ్యి. నీకన్నా పెద్దవారితో ఎంత మర్యాదగా మాట్లాడతావో కోర్టు బంట్రోతుతో, గుమస్తాతో, నీ తరువాత వచ్చిన జూనియర్‌తో అంతే మర్యాదగా మాట్లాడు. నెలకొకసారి రాత్రి పడుకోబోయేముందు లెక్క చూసుకో, ఈ నెలలో నాకు తిరిగి ఏమీ ఇవ్వలేని ఎవరికి నేను పనికివచ్చాను అని. ఒక్క పేరైనా గుర్తుకు రాకపోతే ఆ నెల నీ పరిచయాలు నిన్ను పాడుచేస్తున్నాయని తెలుసుకో” అన్నాను.

మండల న్యాయసేవల కమిటీ సంగతి కూడా మాట్లాడుకొన్నాం. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులోకి వచ్చింది. దానికింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మా విచారణలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఆ కమిటీ వారిని పిలిచి మా గుడి హాలులో ఒక అవగాహన సభ పెట్టించాం. ఆ యువకుడు వారితోపాటు వచ్చి మాట్లాడాడు. తన ఫోను నంబరు ఎవరికీ ఇవ్వలేదు, కమిటీ నంబరే బోర్డుమీద రాశాడు. వితంతు పింఛను ఆగిపోయిన ఒక ముసలమ్మ దరఖాస్తును అక్కడే కూర్చుని రాసిపెట్టాడు. ఆమె అతనికి ఏమి ఇవ్వగలదు? రెండు జామకాయలు ఇచ్చింది.

తండ్రికి ఉత్తరం ఇవ్వలేదు. ఆయన కోరినట్లు కాకుండా, ఈ అబ్బాయి మా విచారణవాడు, నడవడి నాకు తెలుసు, పనిని గురించి అతని సీనియర్‌గారిని అడగండి అని మాత్రం రాయగలనన్నాను. అది ఆయనకు చాలలేదు. షావుకారు కొడుక్కో న్యాయం, మేస్త్రి కొడుక్కో న్యాయమా అని ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. ఆయన బాధలో న్యాయం ఉంది. నేను ఒకసారి తప్పు చేసి, ఆ తప్పును బీదవాడి వంతు వచ్చినప్పుడు దిద్దుకొన్నాను. ఇది ఆయనకు చెప్పి క్షమాపణ అడిగాను. “సరే ఫాదర్‌గారూ” అన్నాడు, అంతే. ఇప్పటికీ ముభావంగానే ఉంటున్నాడు.

ప్రియ పాఠకులారా, మీ పిల్లలు వృత్తుల్లోకి వెళుతున్నప్పుడు నలుగురిలో తిరగమని చెప్పండి, సంఘాల్లో పనిచేయమని చెప్పండి. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. మన ఇళ్లకు వచ్చే మన పెద్దలకు కూడా ఒకటి చెప్పండి. మన పిల్లలను పరిచయం చేయండి, సిఫారసు చేయకండి. విచారణ గురువును ఉత్తరం అడగబోయేముందు, అదే ఉద్యోగానికి, అదే కేసుకు దరఖాస్తు పెట్టుకొని, ఏ ఉత్తరమూ లేక, మీ వెనుక బెంచీలో మోకరించి ఉన్నవారెవరో ఒకసారి తిరిగి చూడండి. నేను ఆనాడు చూడలేదు.